తీరంలో షార్డొనే: కత్తిరింపు నుంచి సీసా దాకా పది గుంటల తోట పని

మొన్న ఫిబ్రవరి ఆఖర్లో జడ్చర్ల దగ్గర మా బావ ద్రాక్ష పందిరి కింద నిలబడ్డాం. థాంప్సన్ గుత్తులు కోతకు దగ్గరపడ్డాయి. నా సంచీలో ఎప్పుడూ ఉండే, రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ తీసి, ఒక పండు పిండి గాజు మీద చుక్క వేసి ఆయన చేతికిచ్చాను. వెలుతురు వైపు తిప్పి చూశాడు. "20 చూపిస్తున్నది బామ్మర్ది. మీ అమెరికా తోటల 23 అంటివి గదా. ఇంకో పది రోజులాగితే మాది గూడ అంతే అయితది. మరి తేడా ఏమున్నట్టు?"

సాయంత్రం అదే రసంలో పులుపు కొలిచి చూపించాను. లీటరుకు 5 గ్రాములు. నేను ఎనిమిది సీజన్లు పనిచేసిన కాలిఫోర్నియా తీరపు తోటలో తీపి 23 బ్రిక్స్‌కు (అంటే వంద గ్రాముల రసంలో సుమారు 23 గ్రాముల చక్కెరకు) చేరినప్పుడు కూడా పులుపు 7 నుంచి 8 గ్రాములు నిలిచేది. షార్డొనే అనే తెల్ల ద్రాక్షతో చేసే వైన్ ఆ రెండు మూడు గ్రాముల మీదే నిలబడుతుంది. తీపిని ఎండ ఎక్కడైనా ఇస్తుంది. పులుపును మాత్రం మొక్క నాటిన రోజు నుంచి సీసా మూసే రోజు దాకా మనమే కాపాడుకోవాలి. కింద రాసిన ప్రతి పనినీ ఆ దృష్టితో చదవండి.

కాలిఫోర్నియాలో శాంటా రోసా వైపో, మాంటెరే వైపో ఎకరం రెండెకరాలు కొనుక్కున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాలమూరులో పెడితే వస్తుందా అని అడిగేవాళ్ల కోసం చివర్లో విడిగా రాశాను.

ముందు లెక్క, ముందు చట్టం

పది గుంటలు, అంటే పావు ఎకరం. వరుసకూ వరుసకూ 2 మీటర్లు, మొక్కకూ మొక్కకూ 1.2 మీటర్లు దూరం పెడితే సుమారు 420 మొక్కలు పడతాయి. మొక్కకు కిలో నాలుగు వందల గ్రాముల చొప్పున దాదాపు 600 కిలోల పండు. గుత్తులను అలాగే ప్రెస్సులో వేసి పిండితే కిలోకు 600 నుంచి 650 మిల్లీలీటర్ల రసం వస్తుంది. మడ్డి కింద పోయేది తీసేస్తే 335 లీటర్ల వరకు మిగులుతుంది. అంటే 225 లీటర్ల పీపా ఒకటి, 54 లీటర్ల గాజు జాడీలు రెండు. సీసాల్లో చూస్తే 440 దాకా. ఇద్దరు మనుషులు ఉద్యోగం చేసుకుంటూ చూసుకోగలిగింది ఇంతే. మొదటిసారే రెండెకరాలు వేసినవాళ్లు రెండో ఏడాది కత్తిరింపు దగ్గరే అలసిపోవడం నేను చూశాను.

అమెరికాలో ఇంటి అవసరానికి చేసుకునే వైన్‌కు ఏడాదికి ఒక పెద్ద మనిషి ఉన్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్ల వరకు పన్ను లేదు. 100 గ్యాలన్లంటే 378 లీటర్లు. మీ వైన్ 390 లీటర్లు వస్తే ఒంటరి మనిషికి లెక్క దాటినట్టే. అమ్మకం మాత్రం కుదరదు. ఒక్క సీసా అమ్మినా వైనరీ లైసెన్సు కావాలి. తెలంగాణలో ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో కూడా చేయకూడదు. ఇది ముందే తెలుసుకోండి.

నేల, గాలి, పొగమంచు

పసిఫిక్ నీళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి. లోపలి లోయలు మధ్యాహ్నం వేడెక్కితే అక్కడి గాలి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి పొగమంచును మోసుకుని కొండల సందుల్లోంచి లోపలికి వస్తుంది. సాయంత్రం వచ్చిన మంచు మర్నాడు తొమ్మిది పది గంటల దాకా కదలదు. పగలు 25 డిగ్రీలు, రాత్రి 11 డిగ్రీలు. ద్రాక్షలో ఉండే రెండు ముఖ్యమైన పులుపుల్లో మాలిక్ ఆమ్లాన్ని వేడి ఎక్కువైనప్పుడు మొక్కే తన శ్వాసకు వాడేసుకుంటుంది. రాత్రులు చల్లగా ఉంటే అది ఖర్చు కాకుండా మిగులుతుంది. తీరం పక్కన భూమికి అంత ధర పెట్టడానికి అసలు కారణం ఇదే. కాబట్టి స్థలం చూడటానికి మధ్యాహ్నం పూట వెళ్లొద్దు. ఆగస్టులో ఉదయం ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి వెళ్లి నిలబడండి. మంచు మిమ్మల్ని తడిపితే బూజు, కుళ్లు గురించి ఆలోచించాలి. అసలు చేరకపోతే పులుపు గురించి ఆలోచించాలి.

శాంటా రోసా ఉన్న సొనోమా కౌంటీలో, పశ్చిమాన గోల్డ్‌రిడ్జ్ అనే ఇసుక కలిసిన నేల ఉంటుంది. గుప్పిట పట్టి వదిలితే మన దుబ్బ చెల్కలాగే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. నీరు నిలవదు, మొక్క మరీ బలవదు. షార్డొనేకు అలాంటిదే మేలు. లోతైన నల్లరేగడిలాంటి నేల అయితే ఆకు పెరుగుతుంది, పండు నీడలో పడుతుంది. పల్లంలో నాటొద్దు. చల్లగాలి నీళ్లలా కిందికి పారి అక్కడే ఆగుతుంది. షార్డొనే మిగతా రకాల కంటే ముందే చిగురిస్తుంది కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో గడ్డకట్టే మంచు దాని లేత చిగుళ్లను మాడ్చేస్తుంది.

మొక్క, నాటడం

సొంత వేరు మీద పెట్టొద్దు. ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఆ నేలల్లో ఉంది. అంటు మొక్కలే తీసుకోండి. ఇసుక నేలలో 110 ఆర్ గానీ 3309 గానీ వేరుమూలంగా చాలామంది వాడతారు. పై కొమ్మకు రెండు దారులున్నాయి. వెంటె కుటుంబపు రకాల్లో గుత్తిలో పెద్ద పండ్ల మధ్య బఠాణీ గింజలంత చిన్న పండ్లు ఉంటాయి. అక్కడి రైతులు దాన్ని కోడీ పిల్లలూ అంటారు. చిన్న పండులో రసం తక్కువ, తొక్క ఎక్కువ కాబట్టి రుచి చిక్కగా ఉంటుంది. 76, 95, 96 నంబర్లతో వచ్చే దిజోన్ రకాలు కాస్త ముందుగా పండుతాయి. మంచు బాగా దట్టంగా ఉండే చోట ఇవే నయం. పది గుంటల్లో నేనైతే సగం వెంటె, సగం 95 పెడతాను. ఒకటి పూత దశలో చలికి రాలినా రెండోది నిలుస్తుంది.

ఆకుముడత వైరస్ లేదని పరీక్ష చేసిన నర్సరీ మొక్కే కొనండి. ఆ వైరస్‌ను పిండినల్లి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు చేరుస్తుంది, దానికి మందు లేదు. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైనే ఉండాలి. మట్టిలో కూరుకుపోతే పై కొమ్మ తన సొంత వేళ్లు పోస్తుంది, వేరుమూలం కొన్న ప్రయోజనం పోతుంది.

మొదటి ఏడాది వేరు, రెండో ఏడాది మాను. ఈ రెండేళ్లూ పూత కనిపిస్తే చిదిమేయండి. మూడో ఏడాది కొద్దిగా పండు. నిండు కాపు నాలుగో ఏడాదికో ఐదో ఏడాదికో వస్తుంది. తొందరపడి రెండో ఏడాది కాయించుకుంటే మొక్క పొట్టిగానే ఉండిపోతుంది.

కత్తిరింపు

మన దగ్గర ద్రాక్షకు ఏడాదిలో రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. మొక్కకు నిద్ర ఉండదు. అక్కడ చలికాలంలో ఆకులన్నీ రాలి మొక్క నిజంగానే నిద్రపోతుంది, కత్తిరింపు ఒక్కసారే. జనవరిలో అందరూ మొదలుపెడతారు. మీరు ఫిబ్రవరి చివరి దాకా ఆగండి. ఆలస్యంగా కత్తిరిస్తే చిగురు కూడా వారం పది రోజులు ఆలస్యంగా వస్తుంది, మంచు దెబ్బ తప్పుతుంది. కోసిన చోటు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతుంటే భయపడొద్దు. వేరు మేలుకుంది, అంతే.

నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో కాపు తీగ. దాని మీద మొక్కకు ఇరువైపులా పెన్సిల్ మందం ఉన్న నిరుటి పుల్లలు రెండు, ఒక్కోదానికి ఎనిమిది కళ్లు ఉంచి వంచి కట్టాలి. పుల్ల మొదలు దగ్గర రెండు కళ్ల చిన్న మొటిక ఒకటి వదలండి. వచ్చే ఏటి పుల్ల అందులోంచే వస్తుంది. ఎక్కువ కళ్లు వదిలితే పండు ఎక్కువ వస్తుంది, కానీ అది పండేలోపు అక్టోబర్ వానలు వచ్చేస్తాయి. ఇది ఒక్క ఏడాది పొరపాటుతో నేర్చుకునేది, నన్ను నమ్మి ఆ ఏడాదిని మిగుల్చుకోండి.

కొత్త రెమ్మలు జానెడు పెరిగాక మీటరు తీగకు 12 నుంచి 15 మాత్రమే ఉంచి మిగతావి చేత్తో తుంచేయండి. మిగిలినవాటిని పై తీగల జంట మధ్యలోకి నిలువుగా ఎక్కించాలి. మన పందిరిలా పైకప్పు వేయరు. ఆకు గోడలా నిలబడుతుంది, కింద గుత్తులకు గాలి తగులుతుంది.

ఆకు తీయడం, గంధకం చల్లడం

పూత రాలి పిందె కట్టిన వెంటనే గుత్తుల దగ్గర ఆకు తీయాలి. తూర్పు వైపు మాత్రమే. పొద్దుటి ఎండ గుత్తి మీది మంచును త్వరగా ఆరబెడుతుంది. పడమటి ఆకును ముట్టుకోవద్దు. మధ్యాహ్నపు ఎండ తగిలిన షార్డొనే పండు కంచు రంగుకు తిరిగి, తొక్కకు చేదు వస్తుంది.

తీరంలో మొదటి శత్రువు బూడిద తెగులు. చిగురు నాలుగు వేళ్లంత ఉన్నప్పటి నుంచే పది రోజులకో, రెండు వారాలకో ఒకసారి నీటిలో కలిసే గంధకం, డబ్బా మీద రాసిన మోతాదులో చల్లాలి. పగలు 32 డిగ్రీలు దాటే రోజు చల్లితే ఆకు కాలుతుంది. పండు మెత్తబడటం మొదలైతే ఆపేయాలి. కోతకు కనీసం ఐదు వారాల ఎడం ఉండాలి. ఒక ఏడాది మేం కోతకు మూడు వారాల ముందు చల్లాం. ఆ గంధకం తొక్క మీద మిగిలి రసంలోకి వచ్చింది. పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని కుళ్లిన కోడిగుడ్డు వాసనగా మార్చేసింది. పీపా బిరడా తీస్తే గదిలో నిలబడలేకపోయాం. రెండుసార్లు గాలి తగిలేలా వడపోసి, రాగి వాడి వాసన తగ్గించాం గానీ ఆ వైన్‌లో పండు సువాసన మళ్లీ రాలేదు.

రెండో శత్రువు బూడిద రంగు కుళ్లు, బోట్రైటిస్. గుత్తి బిగువుగా ఉండి మధ్యలో నీరు ఆగితే వస్తుంది. ఆకు సరిగ్గా తీసిన వరుసలో సగం బెడద తగ్గుతుంది. పండు మెత్తబడగానే పక్షుల వల కప్పేయండి.

ఎప్పుడు కోయాలి

ఏడాది మొత్తంలో ఒకే ఒక్క నిర్ణయం సరిగ్గా తీసుకోవాలంటే ఇదే. మిగతా తప్పులు ఎంతో కొంత సరిదిద్దుకోవచ్చు.

ఆగస్టు మధ్యలో గట్టి ఆకుపచ్చ పండు మెత్తబడి, వెలుతురుకు అడ్డం పెడితే లోపలి గింజ నీడలా కనబడుతుంది. అప్పటి నుంచి వారానికోసారి, చివరి రెండు వారాల్లో రెండు రోజులకోసారి నమూనా తీయాలి. ఉదయం ఎనిమిది లోపు వంద పండ్లు. వరుసకు రెండు వైపుల నుంచి, గుత్తి పైన, మధ్యన, అడుగున, ఎండలోవి, నీడలోవి. చెయ్యి తనంతట తానే బంగారు రంగు పండు వైపు వెళుతుంది, ఆపుకోవాలి. నా రెండో సీజన్‌లో నడిచే బాటకు దగ్గరగా ఉన్న ఎండ వైపు పండ్లే ఏరి 22.8 బ్రిక్స్ వచ్చిందని చెప్పాను. కోసి పిండాక మొత్తం రసం 21.2 చూపించింది. ఆ వైన్ చివరి దాకా పచ్చి వాసన వేసింది. అప్పటి నుంచి నేను కళ్లు మూసుకునే గుత్తిలో వేలు పెడతాను.

సంచీలోనే పండ్లను మెత్తగా నలిపి రసం వడకట్టి మూడు కొలవాలి. బ్రిక్స్, పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత), మొత్తం పులుపు. నేను చూసేవి ఇవి: 22 నుంచి 23.5 బ్రిక్స్, పీహెచ్ 3.2 నుంచి 3.35, పులుపు లీటరుకు 7 నుంచి 8 గ్రాములు. పీహెచ్ 3.4 దాటుతుంటే తీపి తక్కువున్నా కోసేయండి. తీపి కోసం ఆగితే పులుపు పోతుంది, తర్వాత టార్టారిక్ పొడి (ద్రాక్షలోని రెండో ముఖ్యమైన పులుపు) కలిపితే పులుపు వస్తుంది గానీ రుచిలో అతికినట్టు తెలుస్తుంది.

యంత్రం చెప్పాక నోరు చెప్పాలి. పండు నమలండి. గింజను పళ్ల మధ్య పెట్టి కొరకండి. పచ్చగా, జిగురుగా ఉంటే ఇంకా రోజులున్నాయి. గోధుమ రంగులో ఉండి వేయించిన గింజలా టప్పున పగిలితే అయింది. రసం మొదట నిమ్మలా, తర్వాత పచ్చి ఆపిల్‌లా, చివరికి పండిన బేరికాయలా మారుతుంది. ఆపిల్ నుంచి బేరికాయకు దాటే ఆ నాలుగైదు రోజుల్లోనే కోయడం నాకిష్టం.

ఆకాశం కూడా చూడాలి. మామూలు చల్లటి వారంలో ఒక బ్రిక్స్, ఒకటిన్నర బ్రిక్స్ పెరుగుతుంది. సెప్టెంబర్‌లో గాలి తిరిగి తూర్పు నుంచి, అంటే నేల వైపు నుంచి వీచిందంటే పొగమంచు రాదు, పగలు 35 దాటుతుంది. మూడు రోజుల్లో రెండు బ్రిక్స్ ఎగబాకి, పులుపు కూలిపోతుంది. వడగాలి సూచన వచ్చి, మీ పండు 22 దగ్గర ఉంటే ఆ రాత్రే కోసేయండి. కూలీలు దొరకరు, ప్రెస్సు కడగలేదు అని టెన్షన్ పడుతూ రెండు రోజులు ఆగితే మీ ఏడాది అక్కడే పోతుంది. అందుకే ప్రెస్సు, ట్రేలు, మెటా పొడి (రసం చెడకుండా వేసే పొటాషియం మెటాబైసల్ఫైట్) ఆగస్టు చివరికే సిద్ధంగా ఉండాలి.

కోత, పిండడం

తెల్లవారుజామున మూడింటికి తలకు లైటు కట్టుకుని మొదలుపెట్టి సూర్యుడు వచ్చేలోపు ముగించాలి. గుత్తులు మంచుతో తడిసి చేతికి చల్లగా తగులుతాయి. ఆ చల్లదనాన్ని ప్రెస్సు దాకా పోనీయకుండా తేవడమే పని. 15 కిలోల లోతు తక్కువ ట్రేలు వాడండి. పెద్ద గంపలో అడుగు పండు నలిగి అక్కడే పులవడం మొదలవుతుంది. కుళ్లిన గుత్తి తోటలోనే పారేయండి, ఇంటికి తేవద్దు.

తొడిమలు తీయకుండా గుత్తులనే ప్రెస్సులో వేయండి. తొడిమల సందుల్లోంచి రసం దారి చేసుకుని తేలిగ్గా కారుతుంది, తొక్క చిరగదు. నెమ్మదిగా, రెండు మూడు గంటలు పట్టనివ్వండి. చివరికి వచ్చే రసాన్ని ప్రతి పది నిమిషాలకూ నాలుక మీద వేసుకుని చూడండి. పులుపు తగ్గి, నాలుక మీద వగరు తగిలిన క్షణం ఆపేయాలి. గట్టిగా పిండితే తొక్కలోని పొటాషియం దిగి పీహెచ్ పెరుగుతుంది. ఆ చివరి 30 లీటర్ల కోసం మిగతా 350 లీటర్లను పాడుచేసుకోవద్దు.

నల్లగొండలో మా అమ్మమ్మ గారి ఊళ్లో నీరా పట్టే రోజు గౌడ మామ లొట్టి లోపల సున్నం పూసి చెట్టెక్కేవాడు. సున్నం లేకపోతే దించేసరికే కల్లు అయిపోయేది. ద్రాక్షరసానికి ఆ పని సల్ఫర్ డయాక్సైడ్ చేస్తుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు చాలు. పొటాషియం మెటాబైసల్ఫైట్‌లో దాదాపు 57 శాతమే సల్ఫర్ డయాక్సైడ్ కాబట్టి 390 లీటర్లకు 20 గ్రాముల పొడి. తూకం సరైన త్రాసు మీద వేయండి, చెంచాతో వద్దు. ఆ పొడి ఘాటు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కు మూసుకోండి.

రసాన్ని 10 డిగ్రీల దగ్గర ఒక రాత్రి కదలకుండా ఉంచితే మట్టి, గుజ్జు అడుగుకు చేరతాయి. మర్నాడు పైన తేరినదాన్ని వేరుగా తీయండి. అద్దంలా తేటగా రావాలని పట్టుబట్టొద్దు, కాస్త మబ్బుగా ఉంటేనే ఈస్ట్‌కు తిండి ఉంటుంది.

పులియబెట్టడం

వంద లీటర్లకు 25 గ్రాముల పొడి ఈస్ట్. దాని బరువుకు పది రెట్లు నీళ్లు, 38 డిగ్రీల గోరువెచ్చన, 15 నిమిషాలు. తర్వాత కొద్దికొద్దిగా చల్లటి రసం కలుపుతూ రెండింటి మధ్య తేడా 10 డిగ్రీల లోపుకు తెచ్చి అప్పుడే పోయాలి. వేడి ఈస్ట్‌ను ఒక్కసారిగా చల్లటి రసంలో పోస్తే సగం చచ్చిపోతుంది, మిగతా సగం పని చివర్లో ఆగిపోతుంది.

పీపా వద్దకు వద్దాం. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా కొనొద్దు. మొదటి ఏడాది చెక్క వాసనే తాగుతారు. ఏదైనా వైనరీలో రెండు మూడు సార్లు తెల్ల వైన్‌కు వాడినది తీసుకోండి. ముందు రోజు వేడినీళ్లు పోసి కారడం లేదని చూసుకుని, పదింట ఎనిమిదిన్నర వంతుల దాకా, అంటే పైన ఆరో వంతు కంటే కాస్త తక్కువ ఖాళీ ఉంచి నింపండి. నురగ పొంగుతుంది. గది 16 నుంచి 20 డిగ్రీలు.

రెండో రోజు సాయంత్రం పీపా నోటికి చెవి పెట్టి వినండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత దూరంగా వాన మొదలైనట్టు సన్నటి చప్పుడు. కల్లు లొట్టి పొంగేటప్పుడు చిన్నప్పుడు విన్నది కూడా ఇదే. ఆ చప్పుడు బట్టి నేను ఉష్ణోగ్రత చెప్పగలిగేవాణ్ని. సన్నగా ఆగకుండా వస్తే బాగుంది, బుడగలు పెద్దగా పగులుతుంటే వేడెక్కింది.

రోజూ ఒకే వేళ హైడ్రోమీటర్‌తో కొలిచి రాయండి. ఆల్కహాల్ వచ్చాక రిఫ్రాక్టోమీటర్ తప్పు చెబుతుంది. రోజుకు ఒకటి, ఒకటిన్నర బ్రిక్స్ దిగితే చక్కటి నడక. మొత్తం తీపిలో మూడో వంతు అయిపోయాక ఈస్ట్ ఆహారం ఒకసారి ఇవ్వండి. సగం దాటాక ఇస్తే అది వాడుకోదు. 23 బ్రిక్స్ రసం పూర్తిగా పులిస్తే 13.3 శాతం దగ్గర ఆల్కహాల్ వస్తుంది.

ఒక హెచ్చరిక. లీటరు రసం పులిసేటప్పుడు 50 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పాడుబడ్డ బావిలో దిగి ఊపిరాడక పోయినవాళ్ల కథలు మన ఊళ్లలో అందరికీ తెలుసు. మూసిన గదిలో పీపా ఉన్నా అదే ప్రమాదం. ఆ గాలి నేలకు దగ్గరగా నిలుస్తుంది. తలుపులు, ఫ్యాను తెరిచే ఉంచండి. ఖాళీ ట్యాంకులోకి తల దూర్చొద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.

రెండో పులుపు, మడ్డి

తీపి అయిపోయాక ఇంకో పని మొదలవుతుంది. ఒక బాక్టీరియా పదునైన మాలిక్ పులుపును మెత్తటి లాక్టిక్ పులుపుగా మారుస్తుంది. లాక్టిక్ అంటే పెరుగులోని పులుపే. పాలలో తోడు వేసినట్టే ఇక్కడా కొన్న తోడు వేస్తారు. గది 18 నుంచి 20 డిగ్రీలు ఉండాలి, ఈ దశలో మెటా వేయకూడదు. దీంట్లోనే డయాసెటిల్ పుడుతుంది. అదే వెన్నలో వాసన ఇచ్చేది. కొందరికి వెన్న వాసన గుప్పుమనాలి. నాకు అది పండును కప్పేసినట్టు ఉంటుంది. పులుపు మార్పు పూర్తయ్యాక రెండు మూడు వారాలు మడ్డి మీదే ఉంచితే బతికున్న ఈస్ట్ ఆ వాసనను చాలావరకు తినేస్తుంది, తర్వాతే మెటా వేయండి.

మొత్తం మార్చాలా, సగమా, అసలు వద్దా? మీ పులుపు చెబుతుంది. 8 గ్రాములు దాటి ఉంటే మొత్తం మార్చండి. 6.5 దగ్గర ఉంటే పీపాలోది మార్చి, గాజు జాడీల్లోది చల్లని చోట పెట్టి మెటా వేసి ఆపేయండి. చివర్లో రెండూ కలిపితే మెత్తదనం, పదును రెండూ వస్తాయి. అయితే అలా కలిపినదాన్ని సీసాలో పోసేముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్ నుంచి పంపాలి. లేకపోతే సీసాలోనే మళ్లీ మొదలవుతుంది.

అడుగున పేరుకున్న సన్నటి మడ్డిని వారానికోసారి వంగిన కడ్డీతో కలపండి. చచ్చిన ఈస్ట్ కరిగి వైన్‌కు గంజిలాంటి నిండుదనం ఇస్తుంది. సంక్రాంతి నాటికి నెలకోసారి చాలు, మార్చి తర్వాత ఆపేయండి.

పీపా చెక్క గుండా వైన్ ఆవిరవుతూనే ఉంటుంది. రెండు వారాలకోసారి జాడీలోంచి తీసి నిండా పోయాలి. ఖాళీలో గాలి చేరితే మొదట రంగు, తర్వాత వాసన పోతుంది, ఆఖరికి వెనిగర్. మెటా ఎంత వేయాలన్నది కూడా పీహెచ్ మీదే ఆధారం. 3.3 దగ్గర లీటరుకు 26 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ (వైన్‌లో దేనితోనూ కలవకుండా మిగిలింది) చేసే పనికి 3.5 దగ్గర 40 కావాలి. పులుపు నిలిచిన వైన్‌కు మందు తక్కువ పడుతుంది.

సీసాలోకి

వచ్చే ఆగస్టులో, కొత్త పంటకు ముందు. రెండు పరీక్షలు చేయండి. చిన్న సీసాలో వైన్‌ను 80 డిగ్రీల నీళ్లలో రెండు గంటలు ఉంచి చల్లార్చితే మబ్బు కడితే ప్రొటీన్ ఉన్నట్టు, బెంటొనైట్ మట్టి తక్కువ మోతాదులో వేయాలి. ఫ్రిజ్‌లో వారం ఉంచితే అడుగున గాజు పొడిలా మెరిస్తే అవి టార్టరేట్ స్ఫటికాలు. హాని లేదు, మీ ఇంటివాళ్లకు చెప్పండి చాలు.

పరికరాలు కడగడానికి బ్లీచింగ్ పొడి వాడొద్దు. క్లోరిన్ చెక్కతో, కార్కుతో కలిస్తే తడి అట్టపెట్టె వాసన వస్తుంది, దాన్ని తీయలేం. సీసా అడుగు నుంచి నింపండి, నురగ రానివ్వొద్దు, కార్కుకూ వైన్‌కూ మధ్య వేలి మందం కంటే తక్కువ ఖాళీ. కార్కు వేసిన సీసాలు మూడు రోజులు నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టండి. మూడు నెలల దాకా తెరవొద్దు.

పాలమూరులో పెడతానంటే

మా బావ అడిగింది ఇదే. హైదరాబాద్ చుట్టుపక్కల, పాత పాలమూరు జిల్లాలో అనాబ్-ఇ-షాహి, థాంప్సన్ పండించిన చేతులకు ద్రాక్ష పని కొత్తగా నేర్పాల్సిన అవసరం లేదు. ఇబ్బంది వేడితోనే. అక్టోబర్‌లో కత్తిరిస్తే షార్డొనే పండేసరికి ఫిబ్రవరి ఆఖరు, మార్చి. అప్పటికి పగలు 35 తాకుతుంది, మాలిక్ పులుపు మిగలదు. కత్తిరింపును సెప్టెంబర్ మొదటికి జరిపితే పండే దశ జనవరి చలిరాత్రుల్లో పడుతుంది. కానీ లేత చిగుళ్ల మీద వానలు పడతాయి. అప్పుడు బూజు తెగులుతో యుద్ధమే. బోర్డో మిశ్రమం, అంటే వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, చేతిలో పెట్టుకునే దిగాలి.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్న చోట మన రైతులు వాడే డాగ్రిడ్జ్ వేరుమూలం మొక్కను బతికిస్తుంది గానీ షార్డొనేకు మరీ బలం ఇచ్చి ఆకును పెంచుతుంది. 110 ఆర్ దొరికితే అదే పెట్టమన్నాను. ఎకరం వద్దు, 50 మొక్కలు. పైకప్పు పందిరి కాకుండా నిలువు తీగల మీద, పడమటి ఆకు ఒక్కటి కూడా తీయకుండా. మూడో ఏడాది కాపు నుంచి జనవరి మొదటి తేదీ మొదలు నాలుగు రోజులకోసారి బ్రిక్స్, పీహెచ్, పులుపు ఒక నోట్‌బుక్‌లో. 21 బ్రిక్స్ వచ్చిన రోజున పులుపు 6 గ్రాములకు పైన నిలిస్తే అప్పుడు లైసెన్సు ఉన్న వైనరీతో పండు అమ్మే మాట మాట్లాడొచ్చు. నిలవకపోతే అదే తీగలకు షెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్ రకం అంటు కట్టించుకోవచ్చు. నాసిక్ వైపు వేడిలో పులుపు నిలుపుకోవడంలో అది ఇప్పటికే పేరు తెచ్చుకుంది.

బావ నోట్‌బుక్ కొన్నాడు. మొక్కల కోసం నర్సరీకి ఆరు నెలల ముందే చెప్పి ఉంచాలి కాబట్టి ఈ వానాకాలంలోనే ఫోన్ చేస్తానన్నాడు.